బ్యాటర్‌గా వచ్చి పిచర్‌గా మారాడు: క్రికెట్ నుంచి బేస్‌బాల్‌కి వెళ్లిన ఒక ఆటగాడి కేసు

ఈ కేసును ఆటగాడి అనుమతితో రాస్తున్నాను. దేశం, జట్లు, సంవత్సరం చెప్పను. అతన్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. నేను చాలాకాలంగా హిట్టింగ్, త్రోయింగ్ నేర్పుతున్న కోచ్‌ని. మొదట క్రికెట్‌లో నేర్పాను, తర్వాత బేస్‌బాల్‌కి వచ్చాను. ఒక ఆటలోంచి ఇంకో ఆటలోకి మారాలనుకునేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది రెండు మూడు నెలలు ప్రయత్నించి వెళ్లిపోతారు. ఇతని విషయంలో మాత్రం నా అంచనా రెండుసార్లు తప్పింది. ఆ తప్పులు ఇంకో కోచ్ చేయకుండా ఉంటే ఒక ఆటగాడికి కొన్ని నెలలు మిగులుతాయని దీన్ని రాస్తున్నాను.

నేపథ్యం

వచ్చేనాటికి అతనికి 26 ఏళ్లు. 8 ఏళ్లు ప్రొఫెషనల్ క్రికెట్ ఆడాడు. మిడిలార్డర్ కుడిచేతి బ్యాటర్. టీ20ల్లో చివరి ఓవర్లలో కొట్టడానికి పంపేవాళ్లు. అవసరమైతే ఒకటి రెండు ఓవర్లు లెగ్ స్పిన్ వేసేవాడు. ఫీల్డింగ్ ఎప్పుడూ బౌండరీ దగ్గరే. ఆ సీజన్ తర్వాత జట్టు కాంట్రాక్ట్ పొడిగించలేదు.

"సర్, పది నెలల్లో ట్రయల్స్ ఉన్నాయి. బంతిని కొట్టడం నాకు వచ్చు. మిగతాది మీరు నేర్పండి" అన్నాడు మొదటి రోజు.

ఆ మాటలో తప్పేమీ లేదు. నేనూ అలాగే ఆలోచించాను. అయితే ఒప్పుకునే ముందు ఇంతకుముందు ఇలా ప్రయత్నించినవాళ్ల సంగతి అతనితో కూర్చుని మాట్లాడాను. వెస్టిండీస్ ఓపెనర్ కీరన్ పావెల్ క్రికెట్ పక్కన పెట్టి అమెరికాలో శిక్షణ తీసుకుని, మేజర్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి) జట్ల ముందు ట్రయల్స్ ఇచ్చాడు. కాంట్రాక్ట్ దక్కలేదు, 2017లో మళ్లీ వెస్టిండీస్‌కి ఆడాడు. మరోవైపు ఇయాన్ చాపెల్, నీల్ హార్వే లాంటి ఆస్ట్రేలియన్లు బేస్‌బాల్ కూడా మంచి స్థాయిలో ఆడారు. చాపెల్ సౌత్ ఆస్ట్రేలియా తరఫున క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. కానీ వాళ్లు మధ్యలో మారినవాళ్లు కాదు. ఎండాకాలం క్రికెట్, చలికాలం బేస్‌బాల్‌గా చిన్నప్పటి నుంచీ రెండూ కలిపి ఆడుతూ పెరిగారు. వాళ్ల ఉదాహరణ 26 ఏళ్ల మనిషికి సరిపోదని అతనికి సూటిగానే చెప్పాను.

మొదటి నెల

మొదట తేలాల్సింది: బంతిని బ్యాట్ మీదికి తెచ్చుకోగలడా? క్రికెట్ బ్యాట్ వెడల్పు గరిష్ఠంగా 4.25 అంగుళాలు, ముఖం చదును. బేస్‌బాల్ బ్యాట్ గుండ్రం, దాని లావు 2.61 అంగుళాలు దాటకూడదు. క్రికెట్‌లో కాస్త పక్కగా తగిలినా పరుగు రావచ్చు. ఇక్కడ కొద్దిగా కింద తగిలితే బంతి నిలువుగా గాల్లోకి లేస్తుంది, కొద్దిగా పైన తగిలితే నేలకు కొట్టుకుంటుంది.

తొలి వారంలోనే మాటల దగ్గర ఒక చిక్కు వచ్చింది. 'టాప్ హ్యాండ్ గట్టిగా పట్టుకో' అంటే అతను ఎడమచేతిని బిగించేవాడు. క్రికెట్ బ్యాట్‌ని కిందికి దించి పట్టుకుంటాం కాబట్టి కుడిచేతి బ్యాటర్‌కి పైన ఉండేది ఎడమచేయి. బేస్‌బాల్‌లో బ్యాట్ భుజం మీదుగా పైకి లేచి ఉంటుంది. పట్టు మారకపోయినా పైచేయి కుడిచేయి అవుతుంది. మూడు రోజులు నేను ఒకటి చెబితే అతను దానికి సరిగ్గా తలకిందులు చేశాడు. నాలుగో రోజు అతని చేతులు పట్టుకుని చూపించాకగానీ నాకే వెలగలేదు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య 'ఎడమ', 'కుడి' అనే మాటలే.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. పిచింగ్ మెషీన్ వేగాన్ని వారం వారం పెంచాను. గంటకు 145 కిలోమీటర్ల దగ్గర కూడా అతను బంతి తర్వాత బంతి శుభ్రంగా కొట్టాడు. పుల్ షాట్ ఆడేటప్పుడు తుంటి తిరిగే తీరు బేస్‌బాల్ స్వింగ్‌కి చాలా దగ్గర. ఆ తిరుగుడు అతనికి సహజంగా ఉంది. నేను నోట్‌బుక్‌లో 'హిట్టర్‌గానే ముందుకెళ్లాలి, ఫీల్డింగ్ తర్వాత చూద్దాం' అని రాసుకున్నాను.

ఇది నా మొదటి తప్పు. మెషీన్ ముందు నిలబడినవాడికి తేల్చుకోవాల్సింది ఏమీ లేదు. బంతి ఎప్పుడూ ఒకే చోటికి వస్తుంది, ఎప్పుడూ కొట్టదగిన చోటికే వస్తుంది. అతను 12 ఏళ్ల వయసు నుంచి బౌలింగ్ మెషీన్ ముందు నిలబడుతున్నాడు. నేను కొలిచింది అతనికి ఎప్పుడో వచ్చిన పనిని.

అసలు ఇబ్బంది

రెండో నెలలో లైవ్ పిచర్లను, అంటే మెషీన్‌కి బదులు బంతి విసిరే మనుషుల్ని, తెచ్చాను. వాళ్లు పెద్ద పేరున్నవాళ్లు కాదు, కానీ ఫాస్ట్‌బాల్‌తో పాటు కర్వ్‌బాల్ (కిందికి జారేది), స్లైడర్ (పక్కకి జారేది) వేయగలరు. మొదటి రోజు 40 బంతులు ఎదుర్కొని ఒక్కటే గట్టిగా కొట్టాడు. రెండో రోజూ అంతే. మొదటి వారం దాన్ని అలవాటులేనితనం అనుకున్నాం. రెండో వారం కూడా మారకపోయేసరికి అతని ముఖంలో టెన్షన్ కనబడింది.

వీడియో చూస్తే రెండు సంగతులు తేలాయి.

ఒకటి, కళ్లు. క్రికెట్ బ్యాటర్ బంతిని మొదటి నుంచి చివరి దాకా వెంటాడడు. చేతిలోంచి వదిలిన కాసేపటికే చూపు బంతి కంటే ముందుగా అది పిచ్ పడబోయే చోటికి దూకుతుంది, అక్కడ దానికోసం కాచుకుంటుంది. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ 2000లో బ్యాటర్ల కంటిచూపును రికార్డు చేసి ఈ విషయం చూపించారు. బేస్‌బాల్‌లో బంతి నేలకు తగలదు. చూపు ఆగడానికి చోటే లేదు. మా వీడియోలో అతని తల ప్రతి బంతికీ ఒక అర అంగుళం కిందికి వంగేది. లేని లెంగ్త్‌ని వెతుకుతున్నట్టు ఉండేది ఆ కదలిక.

రెండోది ఇంకా లోతైనది, దాన్ని పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అతను ఓడిపోతున్న బంతుల్లో ఎక్కువ భాగం ఒకే రకం: మోకాలి దగ్గర మొదలై పిక్కల దాకా జారే కర్వ్‌బాల్. అది స్ట్రైక్ (బ్యాటర్ ఖాతాలో పడేది, మూడైతే ఔట్) కాదు. వదిలేస్తే అతనికే లాభం, నాలుగు 'బాల్స్' అయితే నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లిపోవచ్చు. అయినా ప్రతిసారీ బ్యాట్ తిప్పేవాడు.

ఎందుకు తిప్పుతున్నావని అడిగితే చెప్పలేకపోయాడు. ఒక సాయంత్రం హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) వెనకాల మూడు స్టంపులు పాతి అతన్ని పక్కనే నిలబెట్టాను. స్టంపుల ఎత్తు 28 అంగుళాలు. స్ట్రైక్ జోన్, అంటే బంతిని స్ట్రైక్‌గా లెక్కించే చోటు, దాని కింది అంచు మోకాలి చిప్ప కింది గుంట. అతని పొడవుకి అది స్టంపుల ఎత్తులో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర పడింది. అక్కడ ఒక టేపు చుట్టాను. టేపు కింద ఉన్న స్టంపులంతా బేస్‌బాల్‌లో వదిలేయాల్సిన చోటు. క్రికెట్‌లో అదే చోటికి నేరుగా వచ్చే బంతిని వదిలేస్తే బౌల్డ్. యార్కర్, ఫుల్ బాల్, కిందుగా ఉండిపోయే బంతి అన్నీ ఆ ఎత్తులోనే వికెట్ తీస్తాయి. చిన్నప్పటి నుంచీ ఆ బంతికి బ్యాట్ అడ్డం పెట్టకపోతే ఔట్ అని ఒంటికి నేర్పుకున్నాడు. ఇప్పుడు సరిగ్గా ఆ బంతినే వదలమని నేను అడుగుతున్నాను.

అతను టేపు వంక చాలాసేపు చూశాడు. "అయితే సర్, నన్ను ఇన్నేళ్లు ఆటలో నిలబెట్టిందే ఇక్కడ ముంచుతోంది" అన్నాడు.

ఏమేం ప్రయత్నించాం

ముందు చూపు సంగతి. బంతుల మీద రంగు చుక్కలు పెట్టి, స్వింగ్ చేయకుండా రంగు మాత్రమే చెప్పమన్నాను. పిచర్ చేతి దగ్గర బంతి బయటపడే చోటు మీదే కళ్లు నిలిపే అలవాటు కోసం ఇది. ఐదారు వారాల్లో తల వంగడం బాగా తగ్గింది. ఈ భాగం పనిచేసిందనే చెప్పాలి.

తర్వాత నిర్ణయం సంగతి. స్వింగ్ వద్దని, నిలబడి 'బాల్' లేదా 'స్ట్రైక్' అని పిలవమన్నాను. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇక్కడే. రెండు వారాల్లోనే అతని పిలుపులు చాలా వరకు సరిపోయాయి. కర్వ్‌బాల్ జారబోతోందని ముందే పసిగట్టేవాడు. సరే, ఇక స్వింగ్ చేయమన్నాను. ఆ క్షణం నుంచి మళ్లీ పాత కథే. బంతి 'బాల్' అని అతనికి తెలుసు, చేతులు మాత్రం ఆగవు.

కారణం టైములో ఉంది. గంటకు 150 కిలోమీటర్ల పైచిలుకు ఫాస్ట్‌బాల్ చేతిలోంచి ప్లేట్ దాకా రావడానికి దాదాపు 0.4 సెకన్లు పడుతుంది. స్వింగ్‌కే సుమారు 0.15 సెకన్లు పోతుంది. మిగిలినంతలో చూడాలి, పోల్చుకోవాలి, తేల్చుకోవాలి. అంత తక్కువ టైములో ఆలోచన పనిచేయదు, అలవాటే పనిచేస్తుంది. నిలబడి పిలిచేటప్పుడు పాత అలవాటు రంగంలోకి దిగదు. చేతులకు అనుమతి ఇవ్వగానే అది ముందుకొస్తుంది.

అందుకని అలవాటునే ఇరుకు చేద్దామనుకున్నాను. బెల్టు ఎత్తులో వచ్చే బంతికే స్వింగ్, కింద ఏది వచ్చినా, స్ట్రైక్ అయినా సరే, వదిలేయాలి. ఫాస్ట్‌బాల్ మీద దీనివల్ల ఎంతో మెరుగుపడ్డాడు. ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో గోడ దాకా కొట్టాడు. కానీ నాలుగో మ్యాచ్‌కే అవతలి క్యాచర్ కనిపెట్టేశాడు. వరుసగా మోకాలి ఎత్తు స్ట్రైక్‌లే అడిగాడు. మావాడు బ్యాట్ కదపకుండా మూడు స్ట్రైక్‌లు చూస్తూ నిలబడి వెనక్కి వచ్చాడు.

ఇంకొన్ని చిన్న సంగతులు కూడా అతని పాత ఆటను గుర్తుచేస్తూ ఉండేవి. మొదటి ప్రాక్టీస్ మ్యాచ్‌లో బంతిని షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) వైపు కొట్టి, పరుగుకి రమ్మనే పిలుపు కోసం అవతలి వైపు చూశాడు. అవతల ఎవరూ ఉండరు. ఫెయిర్‌గా (గీతల లోపలికి) కొడితే పరిగెత్తి తీరాల్సిందే. తేరుకుని పరిగెత్తాడు, బ్యాట్ చేతిలోనే ఉంది. ఇవి ఒక్క వారంలో పోయాయి, ఎందుకంటే వాటికి ఆలోచించే టైముంది. క్రికెట్‌లో అతనికి పరుగులు తెచ్చిన సన్నని షాట్లు, ఫైన్ లెగ్ వైపు తిప్పేది, థర్డ్‌మ్యాన్ వైపు జార్చేది, ఇక్కడ అన్నీ ఫౌల్. రెండు స్ట్రైక్‌లు పడేదాకా ప్రతి ఫౌలూ ఒక స్ట్రైక్. బంతిని 360 డిగ్రీల్లో ఎటైనా కొట్టగల మనిషిని 90 డిగ్రీల కోణంలోకి తోస్తే అతని తెలివి సగం వృథా అవుతుంది.

హిట్టింగ్ ఆపేయాలన్న నిర్ణయం

ఐదో నెల మొదట్లో ఈ నిర్ణయం తీసుకున్నాను. తేలిగ్గా తీసుకోలేదు, అతనికి చెప్పడం ఇంకా కష్టమైంది.

నా తర్కం ఇలా సాగింది. అతనికి చేతి నేర్పు ఉంది, బలం ఉంది, చూపు సరిదిద్దుకున్నాడు. మిగిలింది నిర్ణయం ఒక్కటే. అది మాటలతో మారదు, వేల కొద్దీ నిజమైన బంతులు ఎదుర్కొంటేనే మారుతుంది. బేస్‌బాల్ హిట్టర్లు ఆ వేల బంతులు స్కూలు వయసు నుంచి చిన్న లీగ్‌ల దాకా ఆడుతూ పోగుచేసుకుంటారు. మాకు మిగిలింది ఐదున్నర నెలలు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ ఉదాహరణ నా మనసులో ఉంది. అంతటి అథ్లెట్ 1994లో డబుల్-ఏ స్థాయిలో (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) బర్మింగ్‌హామ్ బారన్స్‌కి 127 మ్యాచ్‌లు ఆడి .202 సగటు (నూరుసార్లలో సుమారు 20 హిట్లు) సాధించాడు, 114 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. ఏళ్ల తరబడి బ్యాట్ పట్టని మనిషికి అది నిజంగా గొప్ప ప్రయత్నం. నా దగ్గరున్న కుర్రాడికి ఆ 127 మ్యాచ్‌ల అవకాశం కూడా ఎవరూ ఇవ్వరు. ట్రయల్‌లో నాలుగైదు సార్లు ప్లేట్ దగ్గర నిలబెడతారు, రెండు కర్వ్‌బాల్స్ వేసి చూస్తారు.

ఇంకో కోణం కూడా ఉంది. మంచి హిట్టర్ కూడా 10 సార్లలో 7 సార్లు విఫలమయ్యే ఆట ఇది. ఔటైనా మళ్లీ మళ్లీ అవకాశం వస్తుంది. క్రికెట్ బ్యాటర్‌కి ఒక్క తప్పు ఆ రోజును ముగించేస్తుంది. ఇతను ప్రతి స్ట్రైకౌట్‌నీ డకౌట్‌లా మోసేవాడు. డగౌట్‌లో తలదించుకుని కూర్చునేవాడు, ఆ బరువుతోనే మళ్లీ ప్లేట్ దగ్గరికి వెళ్లేవాడు.

చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే ఇంటికి వెళ్లిపోమంటారా?" అన్నాడు. "వద్దు, రేపు గ్లవ్ ఒక్కటే తీసుకుని రా" అన్నాను.

చెయ్యి

ఆ మాట ఊరికే అనలేదు. రెండు నెలలుగా ఔట్‌ఫీల్డ్ డ్రిల్స్‌లో ఒక విషయం గమనిస్తూ వచ్చాను, కానీ హిట్టింగ్ మీద ధ్యాసలో దాన్ని పక్కన పెట్టాను. లోతు నుంచి అతను విసిరే బంతి గాల్లోకి లేవకుండా నేరుగా క్యాచర్ గ్లవ్‌లోకి వచ్చేది. క్యాచర్లు ఆ చప్పుడుకి వెనక్కి తిరిగి చూసేవాళ్లు. బౌండరీ దగ్గర ఏళ్ల తరబడి నిలబడి, రెండో పరుగు ఆపడానికి కీపర్ చేతుల్లోకి విసిరిన చెయ్యి అది. ఆ విసురుకి జట్టు ఎప్పుడూ జీతం ఇవ్వలేదు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రాడార్ గన్ పెడితే, రెండడుగులు పరిగెత్తి విసిరినప్పుడు గంటకు 142 కిలోమీటర్లు వచ్చింది.

క్రికెటర్ పిచర్ అవుతాడంటే అందరూ ఫాస్ట్ బౌలర్ గురించే ఆలోచిస్తారు. నేను మాత్రం ఫాస్ట్ బౌలర్‌ని చివర పెడతాను. బౌలింగ్‌లో మోచెయ్యి వంచి విసరకూడదు, 15 డిగ్రీలు మించి నిటారు చేస్తే నియమాలు ఒప్పుకోవు. పిచింగ్‌లో వేగమంతా వంగిన మోచెయ్యి కొరడాలా తెరుచుకోవడంలోనే ఉంది. బౌలర్ పరుగుతో వేగం తెచ్చుకుంటాడు, పిచర్ నిలబడిన చోటు నుంచి ఒక్క అడుగులో తెచ్చుకోవాలి. ముందుకాలు గట్టిగా పాతి శరీరాన్ని దాని మీదుగా తిప్పడం ఒక్కటే రెండింటికీ ఉమ్మడి. 2008లో భారతదేశంలో పిచర్ల కోసం జరిగిన 'మిలియన్ డాలర్ ఆర్మ్' పోటీలోంచి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం దాకా వెళ్లిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ త్రోయర్లు. క్రికెట్‌నే శ్వాసించే దేశంలో దక్కిన చేతులు జావెలిన్ విసిరినవి కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. క్రికెట్‌లో జావెలిన్‌కి దగ్గరగా ఉండేది బౌండరీ నుంచి వచ్చే త్రో.

ఈసారి మోచెయ్యి దగ్గర తప్పు

మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) ఎత్తు 10 అంగుళాలు, అక్కడి నుంచి ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. మొదటి రోజు మౌండ్ మీద నుంచి అతని వేగం 130 దగ్గర ఆగిపోయింది. రెండడుగుల పరుగు పోగానే 12 కిలోమీటర్లు పోయాయి. అది ఊహించిందే. వెనకకాలి మీద బరువు నిలపడం, తుంటి ముందు తెరుచుకుని భుజం ఆలస్యంగా రావడం, ఈ రెండింటి మీదే ఆరు వారాలు పనిచేశాం. వేగం 137కి చేరింది. ఇద్దరికీ ఉత్సాహం వచ్చింది.

ఏడో వారంలో మోచెయ్యి లోపలి వైపు నొప్పి అన్నాడు. ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. పిచర్లకు ఎక్కువగా తెగే లిగమెంట్ అక్కడే ఉంటుంది. ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్ 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి చేసిన ఆపరేషన్ ఈ రోజుకీ ఆ పిచర్ పేరుతోనే నడుస్తోంది. ఆ ఆపరేషన్ అయితే కోలుకోవడానికి ఏడాది దాటుతుంది. ఇతని దగ్గర అంత కాలం లేదు.

స్కాన్‌లో చిరుగు లేదు, వాపు మాత్రమే. తప్పు నాదే. పిచ్‌లు రోజూ లెక్కపెట్టాను, రాసుకున్నాను. కానీ అతను వేడెక్కడానికి విసిరేవి, ఖాళీ ఉన్నప్పుడు ఔట్‌ఫీల్డ్ నుంచి సరదాగా విసిరేవి లెక్కలో లేవు. క్రికెటర్‌కి ఫీల్డింగ్ త్రో పని కిందికి రాదు, రోజంతా విసురుతూనే ఉంటాడు. నోట్‌బుక్‌లో 40 అని ఉన్న రోజు నిజానికి 120 దాటి ఉంటాయి. ఎనిమిదేళ్ల త్రోలు భుజాన్ని గట్టిపరిచాయిగానీ, మౌండ్ మీద నిలబడి ఒకే తీరులో పదే పదే విసరడానికి మోచెయ్యి సిద్ధంగా లేదు.

నాలుగు వారాలు బంతి ముట్టలేదు. తర్వాత ప్రతి విసురూ లెక్కపెట్టాం, తేలిక విసురు కూడా. పూర్తి వేగంతో పిచ్ చేసిన రోజు తర్వాత రెండు రోజులు విశ్రాంతి. నొప్పి మళ్లీ రాలేదు.

పనిచేసింది

ఆ నాలుగు వారాల విశ్రాంతిలో ఒక మంచి జరిగింది. బంతి విసరలేని మనిషి కూర్చుని దాన్ని చేతిలో తిప్పుతూ ఉండేవాడు. క్రికెట్ బంతికి సీమ్ ఒకటే, నడుము చుట్టూ ఒక కట్టులా ఉంటుంది. బేస్‌బాల్‌కి గుర్రపు నాడాలా వంపులు తిరిగే కుట్టు, 108 జంట కుట్లు. ఫాస్ట్ బౌలర్ స్వింగ్‌కి నిలబెట్టిన సీమ్, ఒకవైపు మెరుపు కావాలి. పిచర్‌కి ఎప్పుడూ కొత్త బంతే, మెరుపు దిద్దే పని లేదు. అతని బంతి ప్రధానంగా తిరుగుడు వల్ల కదులుతుంది. గాల్లో తిరుగుడుతో బంతిని కిందికి దించడం లెగ్ స్పిన్నర్‌కి తెలిసిన పని. టాప్ స్పిన్ వేస్తే బంతి అనుకున్నదానికంటే ముందే కిందికి పడుతుందని అతని వేళ్లకు తెలుసు. కర్వ్‌బాల్ అంటే అదే టాప్ స్పిన్. మోచెయ్యి తీరు వేరు, మణికట్టు తిరిగే కోణం వేరు. కానీ ఏం కావాలో తెలిసినవాడికి ఎలా అనేది తొందరగా పట్టుబడింది.

ఇంకా ముఖ్యమైనది గూగ్లీ నేర్పిన పాఠం. ఒకే యాక్షన్, ఒకే చోటి నుంచి వదలడం, బ్యాటర్‌కి ఆలస్యంగా తెలియడం. మా పిచింగ్ కోచ్ ఇతర కుర్రాళ్లకి నెలల తరబడి చెప్పే సంగతి ఇది: ఫాస్ట్‌బాల్, కర్వ్‌బాల్ రెండూ సగం దూరం దాకా ఒకే దారిలో రావాలి. ఇతనికి రెండో రోజే అర్థమైంది. ఏ బంతి తర్వాత ఏది వేయాలని అతను వేసే ప్రశ్నలు వింటే ఓవర్‌లో ఆరు బంతులు ప్లాన్ చేసిన మనిషని తెలుస్తుంది. పెద్ద వేగం లేని అతన్ని నిలబెట్టింది ఇదే.

తిరిగి మౌండ్ ఎక్కాక వేగం 140 తాకింది. ఒకటి రెండుసార్లు 142. మేజర్ లీగ్‌కి ఇది చాలదని ఇద్దరికీ తెలుసు. నియంత్రణ కూడా కుదురుగా ఉండేది కాదు. ఒక ఇన్నింగ్స్‌లో ముగ్గుర్ని వరుసగా ఔట్ చేసి, తర్వాతి ఇన్నింగ్స్‌లో ఇద్దరికి నాలుగేసి బాల్స్ వేసేవాడు. దానికి మందు ఇంకా దొరకలేదు. ఒక్కడుగులో పుట్టే వేగాన్ని ప్రతిసారీ ఒకేలా పుట్టించడం ఏళ్ల పని.

గ్లవ్ విషయం రెండు ముక్కల్లో చెబుతాను. ఉత్త చేతులతో, రెండు చేతులూ కలిపి క్యాచ్ పట్టడానికి అలవాటుపడినవాడు గ్లవ్ వేసుకున్నా కుడిచేతిని ముందుకు తెస్తాడు. పిచర్ వైపు నేరుగా దూసుకొచ్చే బంతికి అలా చేస్తే వేళ్లు విరుగుతాయి, విసిరే చెయ్యే పోతుంది. కుడిచేతిని ఛాతీకి ఆనించి ఉంచి నెల రోజులు ఎడమచేత్తోనే పట్టించాను.

ఫలితం

ట్రయల్స్‌లో మొదటి జట్టు వద్దంది. వయసుకి తగ్గ వేగం లేదన్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. రెండో జట్టు కింది స్థాయి ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక సీజన్‌కి తీసుకుంది, రిలీఫ్ పిచర్‌గా, అంటే మ్యాచ్ మధ్యలో ఇంకొకరి బదులు వచ్చి విసిరేవాడిగా. జీతం క్రికెట్‌లో వచ్చినదాంట్లో చిన్న భాగం. సీజన్ మధ్యలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. పిక్కల దాకా జారే కర్వ్‌బాల్‌తో ఒక పెద్ద హిట్టర్‌ని స్ట్రైకౌట్ చేశానని, టేపు చుట్టిన స్టంపులు గుర్తొచ్చాయని చెప్పాడు. గొంతులో ఆనందం విని నాకు కళ్లు చెమర్చాయి. సీజన్ ముగిశాక జట్టు అతన్ని ఇంకో ఏడాదికి ఉంచుకుంది.

దీన్ని విజయం అనాలా? అతను కోరుకుని వచ్చింది ఇది కాదు. హిట్టర్‌గా మారడం విఫలమైంది, అది దాచను. 26 ఏళ్లకి మారే క్రికెట్ బ్యాటర్ పై స్థాయిలో హిట్టర్ కాగలడని ఈ కేసు తర్వాత నేను ఎవరికీ ఆశ పెట్టను. 15, 16 ఏళ్లవాడు వస్తే మాత్రం నా జవాబు వేరు. వాడి ఒంట్లో ఆ యార్కర్ భయం ఇంకా గట్టిపడి ఉండదు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు నా దగ్గరికి క్రికెటర్ వస్తే మొదటి రెండు వారాలు పిచింగ్ మెషీన్ ఆన్ చేయను. మొదటి రోజే లైవ్ పిచర్‌ని నిలబెట్టి, మోకాలి కింద కర్వ్‌బాల్స్ కలిపి 30 బంతులు వేయిస్తాను. ఎన్ని కొట్టాడని చూడను, ఎన్నింటికి చేతులు ఆగాయో రాసుకుంటాను. ముందు పిలవమని, తర్వాత స్వింగ్ చేయమని రెండు విడతలుగా పెడతాను. రెండింటికీ మధ్య తేడా ఎంత పెద్దదైతే హిట్టర్‌గా దారి అంత పొడవని ఆ రోజే చెప్పేస్తాను. ఈ మాట ఐదో నెలలో వినడం కంటే మొదటి వారంలో వినడం ఆటగాడికి మేలు.

బౌలింగ్ రికార్డు అడగడానికి ముందు ఏ పొజిషన్‌లో ఫీల్డింగ్ చేశావని అడుగుతాను. స్లిప్‌లో నిలబడినవాడికీ బౌండరీ దగ్గర నిలబడినవాడికీ చెయ్యి వేరుగా తయారై ఉంటుంది. మూడో రోజే రాడార్ గన్ ముందు పరిగెత్తి ఒకసారి, నిలబడి ఒకసారి విసిరిస్తాను. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మౌండ్ మీద కాళ్లకు నేర్పాల్సిన పని.

ఒక చిన్న క్లిక్కర్ కొన్నాను. ఆటగాడు మైదానంలోకి అడుగుపెట్టినప్పటి నుంచి బ్యాగు సర్దుకునేదాకా చేతిలోంచి వెళ్లే ప్రతి బంతికీ దాన్ని నొక్కాలి, స్నేహితుడికి అందించినదానికి కూడా. మొదట్లో అందరూ మర్చిపోతారు. అందుకే మొదటి వారం అది నా చేతిలోనే ఉంటుంది.